పెన్సిలు చార్టు

"ఈ సంతకం నీదా, కాదా? అదొక్కటే చెప్పు."

జయపాల్ ఫోను తెచ్చి భార్య మొహం ముందు పెట్టాడు. శుక్రవారం రాత్రి డ్యూటీ దిగి, శనివారం పొద్దున తొమ్మిదింటికి గుమ్మంలో అడుగుపెట్టిన హన్నా ఇంకా చెప్పులైనా విప్పలేదు. భుజాన బ్యాగు అలాగే ఉంది.

ఫోనులో ఒక కాగితం ఫొటో. నర్సులు డ్యూటీ మార్చుకునేటప్పుడు రాసిచ్చే మార్పిడి కాగితం అది. పద్నాలుగో తేదీ మంగళవారం రాత్రి డ్యూటీ హన్నా వదులుకుందనీ, ఆమె బదులు తోటి నర్సు కృప చేసిందనీ రాసి ఉంది. కింద ఇద్దరి సంతకాలు. హన్నా సంతకం చివర గీత, గీత కింద రెండు చుక్కలు. ఇంటర్ చదివే రోజుల నుంచీ ఆమె అలాగే పెడుతుంది.

"నాదే," అంది హన్నా.

"మరి మంగళవారం రాత్రి ఎక్కడికెళ్లావ్?"

"డ్యూటీకేనండీ. మీరు చూస్తుండగానేగా వెళ్లింది? యూనిఫాం వేసుకుని, అన్నం బాక్సు సర్దుకుని..."

"బయల్దేరడం చూశా. చేరడం చూళ్లేదు."

పదకొండేళ్ల కాపురంలో జయపాల్ అరిచిన రోజులున్నాయి, అలిగిన రోజులున్నాయి. ఇలా మెల్లగా, ఒక్కో మాటా తూచి మాట్లాడిన రోజు లేదు. అరిస్తేనే బాగుండునని ఆమెకు అనిపించింది.

వంటింట్లోంచి అత్తగారు మార్త గొంతు వినిపించింది. "ఆ బాక్సు సంగతి కూడా అడగరా. మా అమ్మ బందర్లో కొని, నా పేరు కొట్టించి ఇచ్చిన బాక్సు. మంగళవారం పోయింది, ఇంతవరకూ ఇంటికి రాలేదు."

"చెప్పానుగా అత్తయ్యా. వార్డులో కంకిపాడు ముసలాయన భార్యకిచ్చాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదావిడ."

"చెప్పావు, నాలుగు రోజుల్నుంచీ చెబుతూనే ఉన్నావు. ఏం, అంత ఆకలా ఆవిడకి? అన్నంతోపాటు బాక్సు కూడా తినేసిందా?"

జయపాల్ నవ్వలేదు. ఫొటో కింద వచ్చిన మెసేజీ పైకి చదివాడు. "'మంగళవారం రాత్రి మీ ఆవిడ ఎక్కడుందో మీరే అడగండి.' ఇదీ. పేరు లేదు. నంబరు నాకు తెలీదు. పొద్దున ఆరింటికి వచ్చింది. మూడు గంటల్నుంచి దీన్నే చూస్తూ కూర్చున్నా."

ఆసుపత్రిలో నర్సుల డ్యూటీలు ఎలా పడతాయో మందుల కవరు పట్టుకుని ఇంటికెళ్లే జనానికి తెలియదు. తెలియాలి. ఇక్కడ చార్టులు రెండుంటాయి. ఒకటి పెన్నుతో రాసింది. అది ఫైలుకు, తనిఖీకి వచ్చే దొరలకు. అందులో ప్రతి వార్డుకూ రాత్రిపూట ఇద్దరు నర్సులుంటారు, వారానికో సెలవు ఉంటుంది, చూస్తే కడుపు నిండిపోతుంది. రెండోది పెన్సిలుతో రాసింది. అది ఇన్‌ఛార్జి సిస్టర్ సొరుగులో ఉంటుంది. నిజంగా ఎవరు ఏ రాత్రి చచ్చినట్టు చేయాలో అందులో ఉంటుంది. ప్రతి శనివారం దాన్ని రబ్బరుతో చెరిపి, అదే కాగితం మీద వచ్చే వారానిది రాస్తారు.

ఈ రెంటికీ పొంతన కుదిర్చేవే మార్పిడి కాగితాలు. ఆదివారం ఆరాధనకు వెళ్లే హన్నాలాంటి వాళ్లకు ఆ పూట సెలవు కావాలి. దసరాకో, శ్రావణ శుక్రవారానికో ఇంకొకరికి కావాలి. అడిగిన ప్రతిసారీ వచ్చి సంతకం పెట్టాలంటే కుదిరేది కాదు. అందుకని అందరూ తలా పది ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇన్‌ఛార్జి చేతికిచ్చేశారు. తమ మేలుకే అనుకున్నారు. హన్నా కూడా ఇచ్చింది, నవ్వుతూ ఇచ్చింది.

"ఖాళీ కాగితం మీద సంతకమా?" అన్నాడు జయపాల్ అంతా విని. అతను ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రీ. "మా దగ్గర హెల్పరు కూడా పెట్టడు."

"మా దగ్గర అందరం పెడతాం."

"వేలిముద్ర మిషనుందిగా. అది చెప్పదా?"

"నెల్నించీ పాడైంది."

"పాడైందా, పాడు చేశారా?"

ఆ అనుమానం హన్నాకూ వచ్చింది, కానీ ఇప్పుడే.

"సరే. ఆ రాత్రి నిన్ను చూసిన మనిషి ఒక్కరున్నారా?"

"ఉన్నారు. రావమ్మ గారు. బాక్సు ఇచ్చింది ఆవిడకే. వాళ్లాయన రామకోటేశ్వరరావు గారు ఆ రాత్రే మంచం దిగబోయి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది." హన్నా భుజాన బ్యాగు దించింది. "ముప్ఫై రెండు మంది పేషెంట్లు. నేనొక్కదాన్నే. అటు చివర ఆయాసంతో కొట్టుకుంటున్న మనిషికి ఆక్సిజన్ పెడుతున్నా. ఇటు ఈయన పడ్డాడు. ఆవిడా నేనూ కలిసే లేపాం."

ముసలాయన పడిన సంగతి ఇంట్లో ఆమె చెప్పడం ఇదే మొదటిసారి. మార్త గరిట పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"నాలుగు రోజులు కడుపులో పెట్టుకున్నావా ఈ సంగతి?" అంది.

"ఏమని చెప్పను అత్తయ్యా? నా చేతుల్లో ఓ ముసలాయన పడ్డాడని చెప్పనా?"

జయపాల్ బండి తాళం తీసుకున్నాడు. "పద. ఆవిడ నోటితో చెబితే నమ్ముతా. ఇక జన్మలో అడగను."

*

యనమలకుదురు నుంచి పటమటలోని ఆసుపత్రికి ఇద్దరూ బండి మీద బయల్దేరారు. బందరు కాలువ వంతెన మీద గతుకు వస్తే హన్నా అలవాటుగా అతని భుజం పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అద్దంలో జయపాల్ అది చూశాడు. చూసి చూడనట్టే నడిపాడు.

"మీరు లిఫ్టు దగ్గర ఉండండి. ముందు ఇన్‌ఛార్జి సిస్టర్ని అడిగి వస్తా," అని హన్నా రెండో అంతస్తు వార్డులోకి వెళ్లింది.

ఇన్‌ఛార్జి తెరేసమ్మ బల్ల ముందు వంగి కూర్చుని రబ్బరుతో రుద్దుతోంది. పెన్సిలు చార్టే. సోమవారం గడి తెల్లబడింది. రబ్బరు మంగళవారం మీదికి వచ్చింది.

"ఆగండి సిస్టర్!"

తెరేసమ్మ తలెత్తింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. హన్నాకు సెలైను సూది గుచ్చడం నేర్పింది ఆవిడే. హన్నా కాన్పప్పుడు రాత్రంతా పక్కన నిలబడిందీ ఆవిడే.

"ఏంటమ్మాయ్, ఇంటికెళ్లి పడుకోకుండా మళ్లీ వచ్చావ్? శనివారం ఈ పనేగా నాది. ప్రతి వారం చెరిపేదేగా."

"ఈ వారం చెరపొద్దు. మంగళవారం రాత్రి నా పేరుంది అందులో."

"ఉండేది," అంది తెరేసమ్మ. రెండుసార్లు గట్టిగా రుద్ది, రబ్బరు పొట్టు ఊదేసింది.

హన్నా బల్ల అంచు పట్టుకుంది.

"నా సంతకం కాగితం మీద కృప పేరు రాసింది మీరేగా?"

"నేనే. నీ మేలు కోరే రాశా. కూర్చో, అరవకు." తెరేసమ్మ గొంతు తగ్గించింది. "ముసలాయన కొడుకులు గోల చేస్తన్నారు. ఎవరో ఒకరి మీద పడుద్ది ఇది. నీకు సంసారం ఉంది. కృపది ఏముంది? వచ్చి మూడు నెలలైంది. చల్లపల్లి పోయి ఇంకో చోట చేరుద్ది."

"కృప ఆ రాత్రి ఊళ్లోనే లేదు! వాళ్లమ్మకి జొరమని చల్లపల్లి వెళ్లింది!"

"కాగితం మీద ఉంది."

"కాగితం మీద ఒక్కత్తేనా ఉంది? ఇంకెవరున్నారు?"

తెరేసమ్మ కిటికీ వైపు చూసింది. "వినీల."

"వినీల మానేసి నెలైంది సిస్టర్! గుంటూర్లో చేస్తోంది!"

"పెన్ను చార్టులోంచి ఇంకా తీయలేదు."

హన్నాకు లెక్క అప్పుడు తెగింది. రాత్రి ఒక్క నర్సే ఉందని తేలితే తప్పు ఆసుపత్రిది. ఇద్దరున్నారని ఉంటే తప్పు నర్సులది. అంతే కిటుకు. లేని మనుషులతో చార్టు నింపుతారు, ఉన్న మనిషిని కొట్టేస్తారు. ఏ వార్డులోనైనా ఇదే జరుగుతుంది, పడేవాడు పడితే గానీ బయటికి రాదు.

"ఇది నాకు మేలు కాదు. ముప్ఫై రెండు మందికి నేనొక్కదాన్నే ఉన్నానని ఆ రాత్రి రావమ్మ గారి ముందే పైవాళ్లకి ఫోన్ చేసి అరిచాను. అందుకే నన్ను తీసేశారు. రేపు నేనేం చెప్పినా, అసలు నువ్వు లేవుగా అంటారు. అవునా, కాదా?"

తెరేసమ్మ పెన్సిలు మొన చూసుకుంటూ కూర్చుంది.

"కేస్ షీట్లో నేను రాసిన పేజీ ఉంది. దాని మీద నా పేరుంది."

"ఉందేమో చూసుకో," అంది తెరేసమ్మ. ఆ అనడంలోనే ఆ పేజీ ఇప్పుడు లేదని తెలిసిపోయింది. "హన్నా, ఒక్క మాట విను. నాకు ఇంకా రెండేళ్లుంది సర్వీసు. పైన ఆఫీసు నడిపే ఏవో గారు ఏది రాయమంటే అది రాస్తా. నువ్వు లేవంటే నీ ఉద్యోగం ఉంటది. ఉన్నానంటావా, ముసలాయన తుంటి నీ మెడకి చుట్టుకుంటది. నర్సింగ్ కౌన్సిలు దాకా పోతే ఆ రిజిస్ట్రేషను కూడా ఊడుద్ది. ఇంక ఎక్కడా సూది పట్టుకోలేవ్. ఆలోచించుకో."

"మా ఇంటికి ఆ ఫొటో పంపింది కూడా మీరేనా?"

"ఏ ఫొటో?"

తెరేసమ్మ మొహంలో ఆశ్చర్యం నిజంగానే కనిపించింది. హన్నాకు అది ఇంకా భయమేసింది. ఇన్నేళ్లు అమ్మలా చూసిన మనిషి మొహంలో ఏది నిజమో, ఏది నటనో తేల్చుకోవాల్సిన రోజు వచ్చింది.

"నేను పంపాను," అంది వెనక నుంచి ఒక గొంతు.

కృప. ఇరవై రెండేళ్ల పిల్ల. కళ్లు వాచిపోయి ఉన్నాయి. చేతిలో సంజాయిషీ అడుగుతూ ఇచ్చిన మెమో, దానికి పిన్ను కొట్టిన మార్పిడి కాగితం.

"అందరి ఇంటి నంబర్లూ చార్టు వెనకాల ఉంటాయిగా. అది చూసి పంపా. రెండ్రోజుల్నించి ఫోన్ చేస్తంటే నువ్వు ఎత్తలేదక్కా. ముసలాయన పడ్డాక నీ పేరు తీసి నా పేరు పెట్టించుకున్నావని అనుకున్నా. నీ సంతకమే ఉంటే ఏమనుకోను?"

"ఫోనులో నీ పేరు చూసి... నీ మొహం ఎలా చూడాలో తెలీక ఎత్తలేదు. నా డ్యూటీకి నీకు మెమో వచ్చిందని విన్నాను. ఈ కాగితం మాత్రం ఈ రోజే చూశా కృపా."

"నన్ను నమ్మమంటావా?"

పొద్దున ఇంట్లో జయపాల్ ముందు తను నిలబడ్డట్టే ఇప్పుడు ఈ పిల్ల ముందు నిలబడింది. హన్నాకు నవ్వు కూడా వచ్చింది, ఏడుపు పక్కనే.

"నమ్మొద్దు. దాని మీద నీ సంతకం కూడా ఉంది. నువ్వు మాత్రం చదివే పెట్టావా?"

కృప తల దించుకుంది. "చేరిన రోజే పది పెట్టించారక్కా."

"ఏవో గారు ఎక్కడున్నారిప్పుడు?"

"మూడో అంతస్తులో. రావమ్మ గారి గదిలో ఎంక్వయిరీ. పన్నెండింటికి రమ్మన్నారు నన్ను."

"పద, నేనూ వస్తా. ఆ రాత్రి ఉన్నది నేనని చెబుతా."

"హన్నా!" తెరేసమ్మ లేచి నిలబడింది. "నీ కాళ్లు నువ్వే నరుక్కుంటన్నావ్."

"నరికే చెయ్యి నాదైతే చాలు సిస్టర్. సంతకం నాది, చెయ్యి మీదిగా ఇన్నాళ్లూ."

*

మూడో అంతస్తు గది చల్లగా ఉంది. మంగళవారం రాత్రి దాకా రామకోటేశ్వరరావు రెండో అంతస్తు జనరల్ వార్డులో, ఫ్యాను సరిగా తిరగని మూలన ఉన్నాడు. పడిన మర్నాడే ఏసీ గదిలోకి మార్చారు. అడగకుండానే మార్చారు. ఆసుపత్రి అడగకుండా ఏదైనా ఇచ్చిందంటే ఎందుకిచ్చిందో చూసుకోవాలి.

ముసలాయన మందు మత్తులో నిద్రపోతున్నాడు. పక్క కుర్చీలో రావమ్మ, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని. ఎదురుగా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు, అదే ఏవో, హర్షవర్ధన్; ఇస్త్రీ చొక్కా, ఒళ్లో ఫైలు. తెరేసమ్మ కూడా వాళ్ల వెనకే వచ్చి గోడ పక్కన నిలబడింది. జయపాల్ గుమ్మం బయట ఆగాడు. తలుపు తెరిచే ఉంది.

"మీరెందుకు వచ్చారు సిస్టర్? మిమ్మల్ని పిలవలేదే," అన్నాడు హర్షవర్ధన్ హన్నాను చూసి. గొంతులో మర్యాదకు లోటు లేదు.

"మంగళవారం రాత్రి డ్యూటీలో ఉన్నది నేనండీ. కృప లేదు. వినీల అసలు మన ఆసుపత్రిలోనే లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను."

హర్షవర్ధన్ ఫైలు తెరిచి చూశాడు.

"మీరు ఆ రోజు సెలవు. మీరే సంతకం పెట్టిచ్చారు."

"ఖాళీ కాగితం మీద పెట్టాను. నేనున్నానో లేనో ఆవిడను అడగండి." హన్నా రావమ్మ ముందుకు వెళ్లి నిలబడింది. "పిన్నిగారూ, మీరు చెప్పండి. ఆ రాత్రి బాబాయిగారిని మనిద్దరం కలిసి లేపామా లేదా? మీరు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారా లేదా?"

రావమ్మ తలెత్తి హన్నాను చూసింది. తర్వాత హర్షవర్ధన్ను చూసింది. ఆ తర్వాత మంచం మీద మొగుణ్ణి, ఆయన చేతికి పెట్టిన సూదిని, గోడ మీద ఏసీని చూసింది.

"ఈ అమ్మాయా?" అంది. "ఈ అమ్మాయిని నేనెప్పుడూ చూళ్లేదండీ."

హన్నా ఆవిడ మీదికి వంగింది. "పిన్నిగారూ!"

"చీకట్లో ఎవరో ఉన్నారు. ఈ పిల్ల కాదు." రావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్ను అడక్కండి. ఆయన ఇక్కణ్ణించి లేచి నడిచి ఇంటికి రావాలి. నాకు అదొక్కటే కావాల."

హర్షవర్ధన్ పెన్నుకు మూత పెట్టి ఫైలు మూశాడు. "విన్నారుగా సిస్టర్. మరి ఆ రాత్రి మీరు నిజంగా ఎక్కడున్నారో అది మీ ఇంటి విషయం. ఆసుపత్రికి సంబంధం లేదు."

మీ ఇంటి విషయం. ఆ మాట గుమ్మం బయటికి వినపడేలాగే అన్నాడు.

హన్నా వెనక్కి తిరగలేదు. తిరిగితే జయపాల్ మొహం చూడాలి. చూసే ధైర్యం లేదు. అడుగుల చప్పుడు వినిపించింది. వెళ్లిపోతున్నాడనుకుంది. కానీ అడుగులు లోపలికి వస్తున్నాయి.

జయపాల్ ఆమెను దాటుకుని మంచం తలవైపుకు వెళ్లాడు. అక్కడ మందుల బల్ల. బల్ల మీద మాత్రలు, బత్తాయిలు, కడిగి బోర్లించిన ఒక స్టీలు బాక్సు. అతను వంగి దాన్ని తీసి వెలుతురుకు తిప్పాడు.

అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. పాతబడ్డా చెరగలేదు. రబ్బరుతో పోయేవి కావవి. *మార్త.* పక్కనే బందరు కంసాలి వేసిన చిన్న పువ్వు. చిన్నప్పుడు అన్నం తింటూ వేలితో అతను ఎన్నోసార్లు తడిమిన పువ్వు.

రావమ్మ అతని చేతిలో బాక్సు చూసి కళ్లు దించేసుకుంది.

"మీరెవరండీ?" అన్నాడు హర్షవర్ధన్. "ఈ బాక్సు మీదా? మీ బాక్సు ఈ గదిలోకి ఎలా వచ్చింది?"

జయపాల్ హన్నా వైపు చూశాడు. పొద్దున్నుంచీ మొదటిసారి సూటిగా చూశాడు. ఆ చూపులో ఇప్పుడు అనుమానం లేదు. దానికన్నా బరువైనదేదో ఉంది. మాది అని ఒక్క మాట అంటే భార్య ఆ రాత్రి వార్డులోనే ఉందని రుజువవుతుంది. ముసలాయన తుంటి ఆమె మెడకు చుట్టుకుంటుంది. ఏమీ అనకుండా బాక్సు బల్ల మీద పెట్టేస్తే ఆమె ఉద్యోగం నిలుస్తుంది, ఇల్లు నిలుస్తుంది. గోడ పక్కన మెమో పట్టుకుని నిలబడ్డ కృప చల్లపల్లి బస్సు ఎక్కుతుంది.

వద్దు అని తెరేసమ్మ తల అడ్డంగా ఊపుతోంది. కృప కళ్లు అతని చేతి మీదే ఉన్నాయి.

"అడుగుతోంది మిమ్మల్నేనండీ," అన్నాడు హర్షవర్ధన్. "ఎవరిది ఆ బాక్సు?"

జయపాల్ బాక్సు కింద పెట్టలేదు. నోరూ తెరవలేదు.